మెడ వంచే మొబైల్ స్టాండు: రెండేళ్ళు వాడాక ఒక మామ్మ రివ్యూ

ఈ స్టాండు 2020 జూన్‌లో కొన్నాం. 350 రూపాయలు. రాజమండ్రి దానవాయిపేటలో మా ఇంటికి దగ్గరగా ఉన్న చిన్న సెల్ షాపులో దొరికింది. షాపతను గుమ్మానికి అడ్డంగా తాడు కట్టి, డబ్బులు ప్లాస్టిక్ ట్రేలో వెయ్యమని చెబుతున్న రోజులవి. దీనికి కంపెనీ పేరంటూ ఏమీ లేదు, అట్టపెట్టె మీద ఒక ఫోను బొమ్మ ఉంది, అంతే. ఒక చివర బల్లకి బిగించే క్లిప్పు, ఇంకో చివర ఫోనుని పట్టుకునే క్లిప్పు, మధ్యలో సుమారు రెండున్నర అడుగుల పొడవున ఎటు వంచితే అటు వంగే నల్లటి మెడ. రెండేళ్ళుగా రోజూ రెండు పూటలా వాడుతున్నాను కాబట్టి దీని మంచీ చెడ్డా రెండూ నాకు బాగా తెలుసు, కొనాలనుకునే పెద్దవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

నాకు 68, మావారికి 74. అబ్బాయి, కోడలు, ఇద్దరు పిల్లలు అమెరికాలో డాలస్ దగ్గర ఉంటారు, అమ్మాయి బెంగళూరులో. 2020 ఏప్రిల్‌లో మేమిద్దరం డాలస్ వెళ్ళాల్సింది. టిక్కెట్లు తీశారు, సున్నుండలకి మినప్పిండి పట్టించి పెట్టుకున్నాను, మనవడికి వెండి మొలతాడు కూడా కొన్నాను. మార్చి నాలుగో వారంలో విమానాలు ఆగిపోయాయి. మార్చి 25, శార్వరి ఉగాది, ఆ రోజే లాక్‌డౌన్ మొదలైంది. వేపపువ్వు మా పెరట్లో చెట్టుదే, మామిడికాయ పక్కింటావిడ గోడ మీద నుంచి అందించింది, అలా పచ్చడైతే చేశాను గానీ ఇద్దరమే కూర్చుని తిన్నాం. అప్పటికి మనవరాలికి 8 ఏళ్ళు, మనవడికి ఇంకా 3 నిండలేదు. వాడు నన్ను ఎదురుగా చూసింది ఒక్కసారే, అదీ ఆర్నెల్ల పిల్లాడప్పుడు.

వీడియో కాల్స్ అంతకుముందూ ఉండేవి, ఆదివారం ఆదివారం మాట్లాడుకునేవాళ్ళం. లాక్‌డౌన్‌లో రోజూ చెయ్యడం మొదలుపెట్టాక అసలు ఇబ్బంది తెలిసింది. చేత్తో పట్టుకుంటే పది నిమిషాలకి మణికట్టు లాగేస్తుంది, తెలియకుండానే చెయ్యి దిగిపోతుంది, పిల్లలకి నా నుదురూ పైన తిరిగే ఫ్యానూ తప్ప ఏమీ కనపడదు. "మామ్మా, నువ్వు కనపడట్లేదు" అని మనవరాలు రోజుకి నాలుగుసార్లు అనేది. దానికన్నా పెద్ద బాధ ఏమిటంటే, చేతిలో ఫోను ఉన్నంతసేపూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండాలి. తిన్నారా, నిద్రపోయారా, మీ దగ్గర కేసులెన్ని, బయటికి వెళ్ళట్లేదు కదా, ఇవి అయిపోయాక ఇటూ అటూ నిశ్శబ్దం, ఆ తర్వాత "సరే అమ్మా, ఉంటాను". ఫోను పెట్టేశాక ఇల్లు ముందుకంటే ఎక్కువ బోసిపోయినట్టుండేది. పప్పు డబ్బాకి ఆనించి చూశాను, జారి నానబోసిన పెసరపప్పు గిన్నెలో పడింది. ఫోను బతికింది గానీ రెండ్రోజులు బియ్యంలో పెట్టాల్సొచ్చింది, ఆ రెండ్రోజులూ నాకు అన్నం సయించలేదు.

స్టాండు వచ్చాక మారింది ఇదే: మాట్లాడక్కర్లేకుండా పోయింది. ఇది సరిగ్గా చెప్పగలనో లేదో. పొద్దున్న ఆరున్నరకి మా వంటింటి గట్టుకి స్టాండు బిగించి ఫోను పెడతాను. అక్కడ రాత్రి ఎనిమిది, వాళ్ళు భోజనాల బల్ల దగ్గర వాళ్ళ ఫోను పెట్టుకుంటారు. ఇక్కడ కాఫీ డికాషన్ దిగుతుంటుంది, అక్కడ పిల్లలు పెరుగన్నం తింటుంటారు. నేను గోంగూర ఒలుస్తుంటాను, మనవరాలు లెక్కల హోంవర్క్ చేసుకుంటుంది. అరగంటలో నాలుగు మాటలు మాట్లాడుకుంటామేమో. మధ్యలో అది పెన్సిల్ కొరుకుతుంటే "నోట్లోంచి తియ్యి తల్లీ" అంటాను, అది తీసేస్తుంది. ఒకే ఇంట్లో ఉన్న మామ్మా మనవరాలూ చేసేది ఇదే కదా. చెయ్యి ఖాళీ అయితే చాలు, మిగిలినదంతా దానంతట అదే వస్తుంది. అందుకే ఎవరైనా అమ్మానాన్నలకి ఇంకా పెద్ద ఫోను కొందామా, ట్యాబ్ కొందామా అని అడిగితే, ఉన్న ఫోనుకి ముందు మంచి స్టాండు కొనమంటాను.

మావారు పాత గోడగడియారం ఒకటి దులిపి దానికి డాలస్ టైము పెట్టి హాల్లో మా గడియారం పక్కనే తగిలించారు. వేసవిలో పదిన్నర గంటల తేడా. నవంబరు మొదటి ఆదివారం వాళ్ళు గడియారం వెనక్కి తిప్పుకుంటారు, అప్పుడు పదకొండున్నర అవుతుంది. మళ్ళీ మార్చిలో రెండో ఆదివారం ముందుకి. ఆ రెండు ఆదివారాలూ ఆయన కుర్చీ ఎక్కి ముల్లు సరిచెయ్యడం మా ఇంట్లో చిన్నసైజు పండగ. సాయంత్రం ఆరింటికి నేను దీపం పెట్టే వేళకి అక్కడ పొద్దున్న ఏడున్నర, పిల్లలు పాలు తాగుతూ కూర్చుంటారు. మనవడు దీపం వెలగగానే చేతులు జోడించేవాడు, మాటలు పూర్తిగా రాకముందే అది అలవాటైంది వాడికి. స్టాండుని దేవుడి గది గుమ్మం దగ్గర స్టూలుకి బిగించి మెడని లోపలికి వంచితే దేవుడి పటాలూ నేనూ ఇద్దరం కనిపిస్తాం. ఇలాంటి చోట్ల ఈ పొడుగు మెడ ఉపయోగం తెలుస్తుంది, బల్ల మీద నిలబడే పొట్టి స్టాండుతో ఇది కుదరదు.

ఈ మెడకి అసలు పరీక్ష అష్టాచెమ్మా. మనవరాలికి నేర్పాలని నాకు ఎప్పటినుంచో కోరిక. నేల మీద సుద్దముక్కతో అయిదు గళ్ళు అటూ, అయిదు గళ్ళు ఇటూ గీసి, కుర్చీ చేతికి స్టాండు బిగించి, మెడని వంచి ఫోను కెమెరా సరిగ్గా నేలకేసి చూసేలా పెట్టాను. అక్కడ అది అట్ట మీద అలాంటి పటమే గీసుకుంది. గవ్వలు మాత్రం నా దగ్గరే ఉన్నాయి, నాలుగు, మా అత్తగారివి. ఇద్దరి పందేలూ నేనే వెయ్యాలి, గవ్వలు ఎలా పడ్డాయో తనకి స్పష్టంగా కనపడాలి, లేకపోతే పిల్ల నమ్మదు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. మొదటిసారి దానికి అష్టా పడినప్పుడు అరిచిన అరుపుకి నిద్రపోతున్న తమ్ముడు లేచిపోయాడు. ఆ ఆట 2020 జూలైలో మొదలై ఆదివారాల్లో ఇప్పటికీ సాగుతోంది. మావారు దాని పక్షం, నేను ఒక్కదాన్నే. పైనుంచి కిందికి చూపించే పనికి ఈ స్టాండు బాగుంది, కాకపోతే నేల మీద గవ్వలు గట్టిగా వేస్తే కుర్చీ అదిరి ఫోను ఓ నిమిషం ఊగుతుంది. కుర్చీకి బదులు బరువైన టేకు స్టూలుకి బిగిస్తే ఊగదు.

వంటింట్లో దీని పనితనానికి నూటికి తొంభై మార్కులు వేస్తాను. ఒక శనివారం వాళ్ళ రాత్రి భోజనానికి, మా ఆదివారం పొద్దున్న టిఫినుకి, ఇద్దరం ఒకేసారి దిబ్బరొట్టి వేశాం. ఒకటికి రెండు, మినప్పప్పు ఒక గ్లాసు, బియ్యపురవ్వ రెండు గ్లాసులు. ఇక్కడ నా ఇనప మూకుడు, సన్నటి మంట, అక్కడ కోడలి నాన్‌స్టిక్ గిన్నె, కరెంటు పొయ్యి. "అత్తయ్యగారూ, మీది ఎంత రంగు వచ్చిందో ఒకసారి చూపించండి" అంటే మెడ వంచి మూకుడు లోపలికి చూపించడం, తనది చూసి "ఇంకో రెండు నిమిషాలు మూత పెట్టు అమ్మా" అనడం. అంచులు కరకరలాడేలా ఎర్రగా వచ్చింది తనకి. మనవడు ఆ పెచ్చు కొరుకుతున్న చప్పుడు నాకు ఫోనులో వినిపించింది. ఆ చప్పుడు వింటూ నేను నా రొట్టి తిన్నాను, బెల్లం పానకంతో. అలాగే పోపు వెయ్యడం, పిల్లకి స్టవ్ దగ్గరకి వెళ్ళనివ్వం కాబట్టి గిన్నెలో ఉత్తినే వరస నేర్పాను: ముందు శనగపప్పు, మినప్పప్పు, తర్వాత ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, ఆఖర్న ఇంగువ. నా పోపులపెట్టెలో ఏ గిన్నెలో ఏముందో అది కళ్ళు మూసుకుని చెప్పేది.

వంటింట్లో జాగ్రత్త ఒకటి. పొయ్యికి దగ్గరగా పెడితే ఆవిరికి ఫోను అద్దం మసకబారుతుంది, క్లిప్పు లోపల ఉండే రబ్బరు మెత్తబడి ఫోను జారుతుంది. నాకు ఆవకాయ రోజున అలాగే జరగబోయింది, నూనె చేతులతో పట్టుకున్నాను. కనీసం మూరెడు దూరం ఉంచండి. నూనె మరక పడితే సబ్బునీళ్ళలో ముంచిన గుడ్డ బాగా పిండి తుడిస్తే చాలు.

2020 ఆగస్టులో గోదావరికి వరదొచ్చింది, ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. బయటికి వెళ్ళి చూసే పరిస్థితి లేదు. మావారు స్టాండుని టీవీకి ఎదురుగా పెట్టి పిల్లలకి వరద చూపించారు. ఏ రేవు దగ్గర తను ఈత నేర్చుకున్నారో, పాత హేవలాక్ వంతెన స్తంభాలు ఎంతవరకు మునిగితే మా చిన్నప్పుడు పెద్దవాళ్ళు మూటలు సర్దేవారో చెప్పుకొచ్చారు. ఆయన అంతసేపు మాట్లాడగా నేను చాలా ఏళ్ళుగా వినలేదు. ఇంట్లో పెద్దాయన మాట్లాడరు, ముభావంగా ఉంటారు అనుకునేవాళ్ళు ఒకసారి ఆయన చేతిలోంచి ఫోను తీసి స్టాండు మీద పెట్టి చూడండి.

భోగి సంగతి చెప్పకుండా ఉండలేను. 2021 జనవరి 13. మనవడికి భోగిపళ్ళు పొయ్యాలి, అయిదేళ్ళ లోపే కదా ఆ ముచ్చట. మాకు సాయంత్రం, వాళ్ళకి అదే రోజు పొద్దున్న. రేగుపళ్ళు అక్కడ దొరకలేదు, కోడలు ద్రాక్షపళ్ళు, చెరుకుముక్కలు, బంతిపూల రేకులు, చిల్లర డబ్బులు కలిపింది. నేను ఇక్కడ పళ్ళెంలో రేగుపళ్ళు పెట్టుకుని స్టాండు ముందు కూర్చున్నాను. తను వాడి నెత్తిమీద పోస్తుంటే నేను ఫోను ముందు మూడుసార్లు తిప్పి కింద పోశాను. వాడు నెత్తి మీద పడినవి వదిలేసి నా పళ్ళెంలోవి కావాలని ఫోనులోకి చెయ్యి చాపాడు. హారతి ఇచ్చేటప్పుడు కర్పూరం ఫోనుకి మరీ దగ్గరగా తీసుకెళ్ళకండి, ఇది అనుభవంతో చెబుతున్నాను, ఆ రోజే అద్దం మీద వేసిన పల్చటి రేకు ఒక మూల పొంగింది.

ఇక లోపాలు. బల్లకి బిగించే క్లిప్పు చాలా లావుపాటి చెక్కని పట్టుకోదు, మా డైనింగ్ టేబుల్‌కి పట్టలేదు. స్క్రూ ప్లాస్టిక్‌ది, గట్టిగా తిప్పితే మరలు అరిగిపోతాయి. ఆర్నెల్లకి మెడ మధ్యలో బలం తగ్గి ఫోను మెల్లగా తల వంచేసేది, మాట్లాడుతుండగానే పిల్లలు నా మొహం నుంచి మెడకీ, మెడ నుంచి చీర కుచ్చిళ్ళకీ దిగిపోయేవారు. దానికి మావారు ఒక సన్నటి వెదురుపుల్ల ఆనించి రెండు రబ్బరు బ్యాండ్లు వేశారు, ఇప్పటికీ అదే కట్టు. తెర మీద వేలు పెట్టి నొక్కితే ఊగుతుంది, చేతులు వణికే వాళ్ళకి ఇది చిరాకు కలిగిస్తుంది. ఫోను క్లిప్పు ఒక్కోసారి పక్కనుండే బటన్ మీద పడి కాల్ మధ్యలో తెర ఆగిపోతుంది, కొంచెం పైకో కిందికో జరిపి పెట్టుకోవాలి. ఛార్జింగ్ వైరు దూరడానికి కింద ఖాళీ ఉండటం మాత్రం మంచి విషయం, గంటసేపు వీడియోకి బ్యాటరీ ఎలాగూ చాలదు. డేటా సంగతి కూడా చూసుకోండి. మా రోజుకి 1.5 జీబీ ప్లాను సాయంత్రానికి అయిపోయేది, చివరికి ఇంటికి ఇంటర్నెట్ కనెక్షన్ పెట్టించుకున్నాం.

తర్వాత 2021లో ఇనప అడుగు ఉన్న మడతపెట్టే పొట్టి స్టాండు ఒకటి కూడా కొన్నాను, 220 రూపాయలు. బరువుగా నిలబడుతుంది, ఊగదు, వేలితో నొక్కినా కదలదు. కథలు చెప్పడానికి అది హాయి. మనవడిని పడుకోబెట్టే వేళకి ఏడు చేపల కథ మొదలుపెడితే చీమ వంతు వచ్చేసరికి వాడే అందుకునేవాడు. దాన్ని బల్ల మీద పెట్టి ఎదురుగా కూర్చుంటే సరిగ్గా కళ్ళలో కళ్ళు పెట్టి చూసినట్టే ఉంటుంది. కానీ పైనుంచి చూపించలేదు, మంచానికి బిగించలేం. రెండింట్లో ఒకటే కొనాలంటే నేను పొడుగు మెడదే కొంటాను. దానికి కారణం 2021 మే నెల.

ఇద్దరం మార్చిలో మొదటి డోసు వేయించుకున్నాం. అయినా మే మొదటి వారంలో మావారికి జ్వరం వచ్చింది, పరీక్షలో పాజిటివ్. ఆంధ్రాలో అప్పుడే మధ్యాహ్నం 12 నుంచి కర్ఫ్యూ పెట్టారు. నాకు నెగెటివ్ వచ్చింది. డాక్టరు ఫోనులో మందులు రాసి, ఆక్సిజన్ 94 కంటే తగ్గితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళమన్నారు. ఆయన్ని వీధి గదిలో పెట్టాం. గుమ్మం దగ్గర స్టూలు మీద భోజనం పెట్టి నేను వెనక్కి రావాలి. నాకు ఉన్న టెన్షన్ అంతా రాత్రిళ్ళు గురించే, నిద్రపోతే ఆయనకి ఏమవుతుందో ఎవరు చూస్తారని.

మా అబ్బాయి అన్నాడు, "అమ్మా, నాన్నగారి మంచం పక్కన కిటికీ ఊచకి స్టాండు బిగించు, ఫోను ఛార్జింగ్‌లో పెట్టి కాల్ అలాగే ఉంచెయ్యి, మీకు రాత్రి అంటే మాకు పగలే కదా." మాస్కు మీద మాస్కు వేసుకుని లోపలికి వెళ్ళి నేనే బిగించాను. మెడ మంచం మీదకి వంచితే ఆయన మొహం, వేలికి పెట్టుకునే ఆక్సిమీటరు రెండూ కనిపించాయి. తొమ్మిది రాత్రులు ఆ కాల్ నడిచింది. అబ్బాయి ఇంట్లోంచే ఆఫీసు పని చేసుకుంటూ పక్కన ఆ ఫోను పెట్టుకునేవాడు, వాడికి మీటింగు ఉంటే కోడలు, కోడలికి పనుంటే మనవరాలు. రెండు గంటలకోసారి "తాతయ్యా, వేలు పెట్టండి" అని అదే లేపేది. అంకె చూసి ఒక నోట్‌బుక్‌లో రాసేది. 96, 95, 95, ఒక రాత్రి 93. ఆ 93 చూసి అబ్బాయి నా రెండో ఫోనుకి చేసి లేపాడు. డాక్టరుతో మాట్లాడి, ఆయన్ని బోర్లా పడుకోబెట్టాం, అరగంటకి 95కి వచ్చింది. మళ్ళీ తగ్గలేదు. అన్నేళ్ళుగా ఆ పదిన్నర గంటల తేడాని తిట్టుకున్నదాన్ని, ఆ తొమ్మిది రాత్రులూ అది ఉన్నందుకు దణ్ణం పెట్టుకున్నాను.

పదో రోజు పొద్దున్న ఆయన ఫోనులో మనవరాలితో, "మీ మామ్మని మజ్జిగపులుసు పెట్టమని చెప్పు, నేను చెబితే వినదు" అన్నారు. అది డాలస్ నుంచి వంటింట్లో ఉన్న నాకు చెప్పింది. నేను ఆనపకాయ ముక్కలు తరుగుతూ ఎంతసేపు ఏడ్చానో నాకే తెలియదు.

పిల్లలు 2022 జూన్‌లో వచ్చారు. నాలుగేళ్ళ తర్వాత. మనవరాలు నా భుజం దాకా వచ్చేసింది, అంత పొడుగైందని ఫోనులో తెలియలేదు నాకు. మనవడు మొహమాటపడతాడేమో, నా దగ్గరికి రాడేమో అని భయపడ్డాను. వాడు ఆటో దిగి, చెప్పులు విప్పి, తిన్నగా వంటింట్లోకి వెళ్ళి గట్టు పక్కన, రోజూ ఫోను ఉండే చోట నిలబడి, "మామ్మా, నేను ఇక్కడుంటాను కదా" అన్నాడు. మనవరాలు పోపులపెట్టె తీసి వాసన చూసింది. రెండేళ్ళలో వాళ్ళకి ఈ ఇంట్లో తెలియనిది ఆ వాసన ఒక్కటే.

అయిదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను. తగ్గించిన ఆ ఒక్కటీ ప్లాస్టిక్ స్క్రూకి. కొనేటప్పుడు షాపులోనే మీ ఫోను పెట్టించి రెండు నిమిషాలు వదిలేసి చూడండి, తల వంచేస్తే వద్దని చెప్పండి. స్క్రూ ఇనపది ఉన్న రకం దొరికితే యాభయ్యో వందో ఎక్కువైనా అదే తీసుకోండి. బిగించే చోట పాత నూలుగుడ్డ ముక్క మడిచి పెట్టి బిగిస్తే చెక్క పాడవదు, పట్టు కూడా జారదు. వంటింటి గట్టుకైతే సింకు వైపు కాకుండా గోడ వైపు బిగించండి, నీళ్ళు పడవు, కత్తిపీట ముందు కూర్చున్నా మీరు పూర్తిగా కనిపిస్తారు.